వంతు చెడని లెక్క

తొమ్మిదవ తరగతిలో మేమొకనాడు ఈ లెక్క నిచ్చితిమి: ఒక తండ్రికి 5 ఎకరముల మెట్టభూమి కలదు, అతని ముగ్గురు కుమారులు దానిని సమముగా పంచుకొనిరి, ఒక్కొక్కని వంతెంత? తరగతిలో ఇంచుమించు అందరును 1.66 ఎకరములని వ్రాసిరి. కొందరు 1.67 అని వ్రాసిరి. మేము రెండింటికిని సరియను గుర్తు పెట్టితిమి. వెనుక బల్లమీద కూర్చుండు రైతుబిడ్డ యొకడు మాత్రము లేచి, "సార్, 1.66ను మూడుతో హెచ్చవేస్తే 4.98 మాత్రమే వస్తుంది. తక్కిన రెండు సెంట్లు ఎవరివి సార్?" అని అడిగెను.

తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఇంటికి పోయిన పిమ్మట ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఒక సెంటనగా ఎకరములో నూరవ వంతు, 435.6 చదరపు అడుగులు. రెండు సెంట్లనగా 871.2 చదరపు అడుగులు. బీదవాని కాపురమునకు చాలినంత యిల్లు ఆ చోట లేచును. మేము ఎఱ్ఱసిరాతో పెట్టిన ఒక్క గుర్తు ఒక యింటి స్థలమును మాయము చేసినది. 1.67 అని వ్రాసిన వారి లెక్కలోనో, మొత్తము 5.01 యగును, అనగా పొరుగువాని గట్టు దాటి ఒక సెంటును కలుపుకొన్నట్లు. మొదటిది నష్టము, రెండవది దొంగతనము. నిజమైన జవాబు మూడింట అయిదు, అనగా 1 ఎకరము 66 సెంట్లును, మరియొక సెంటులో మూడింట రెండు వంతులును. ఆ మిగులు 290.4 చదరపు అడుగులు. అది వ్రాసినవాడు ఒక్కడును లేడు. వ్రాయవలెనని వారికి మేము గట్టిగా చెప్పినదియు లేదు.

ఇప్పుడు పెక్కుమంది మాతో ననుచున్న మాట యొకటి కలదు. "భిన్నములు పాతకాలపు చదువు. లవము, హారము, క.సా.గు. అని పిల్లల ప్రాణములు తీయనేల? అన్నియు దశాంశములలోనే వ్రాయవచ్చును. కంప్యూటరు ఉన్నదికదా, అదియే చూచుకొనును" అని. ఇట్లనువారిలో తలిదండ్రులును గలరు, మాతోటి ఉపాధ్యాయులును గలరు. మా యభిప్రాయము దీనికి విరుద్ధము. కంప్యూటరు వచ్చినందుననే సామాన్య భిన్నములను మునుపటికంటె శ్రద్ధతో నేర్పవలెనని మేము తలచుచున్నాము. కారణమును మొదట ఒక యనుభవముచేత చెప్పెదము.

మా సీమకు రెండు ఋతుపవనములలో ఏదియు నిండుగా చేరదు. అనంతపురము జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. కావున మా పిల్లలకు వాన కొలుచుట ఆటవంటిది. ఉన్నత తరగతి విద్యార్థి యొకడు వర్షమాపకమునకు పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసెను. ఆ మాపకములో చిన్న తొట్టి యొకటి యుండును, 0.2 మిల్లీమీటరు వాన పడినప్పుడెల్ల అది నిండి ఒరిగి నీటిని పారబోయును. తొట్టి ఒరిగినప్పుడెల్ల మొత్తమునకు 0.2 కలుపుము, మొత్తము 2 అయినచో "వాన కురిసినది" యని చెప్పుము: ఇదియే వాని ప్రోగ్రాము. తొట్టి పదిసార్లు ఒరిగినట్లు వాడు పరీక్షించి చూచెను. యంత్రము "కురియలేదు" అనెను. మొత్తమెంతయని అడుగగా 1.9999999999999998 అని చూపెను. బిడ్డ వెలవెలబోయి, తన ప్రోగ్రామే తప్పనుకొని మూడు దినములు దానిని తిరుగవ్రాసెను. తుదకు మాయొద్దకు వచ్చి, "సార్, పది రెండులు ఇరవై కాదా?" అని అడిగెను. అప్పటికి మాకును కారణము తెలియదు. "కొంచెము తేడా యుండును, సరిచేసికొనుము" అని పంపివేసితిమి. అది ఉపాధ్యాయుడు చెప్పదగిన మాట కాదు. తరువాత చదివి తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము. ఆ బిడ్డకు మేము బాకీపడిన జవాబు ఇది.

మూడవ వంతును దశాంశములలో వ్రాయబోయినచో 0.333 అని ఎంతదూరము పోయినను ముగియదు. ఏలయన పదిని భాగించు ప్రధాన సంఖ్యలు 2, 5 అను రెండే. ఒక భిన్నమును కనిష్ఠ రూపమునకు తెచ్చిన పిమ్మట దాని హారములో రెండ్లు, అయిదులు మాత్రమే యున్నచో దశాంశము ముగియును. వేరొకటి యున్నచో ముగియదు. కంప్యూటరు పదులతో లెక్కింపదు, రెండ్లతో లెక్కించును. కావున దానికి హారములో రెండ్లు మాత్రమే యుండవలెను. అర, కాలు, అరకాలు, పదునాఱవ వంతు దానికి సులభములు. పదవ వంతులో అయిదు దాగియున్నది. అయిదవ వంతనగా అయిదే. మనకు మూడవ వంతెట్లో యంత్రమునకు పదవ వంతును అయిదవ వంతును అట్లే: ఎన్నటికిని ముగియవు. ఫ్లోటింగ్ పాయింట్ అను పద్ధతికి 1985లో ఐట్రిపులీ 754 అను ప్రమాణము ఏర్పడినది. దానిలో సాధారణముగా వాడు రూపమునందు ఒక సంఖ్యకు 53 ద్విసంఖ్యా స్థానములు మాత్రమే యుండును. అంతటితో తోకను కోసి, దగ్గరి విలువకు సవరించి, యంత్రము దాచుకొనును. 0.2 కు పట్టిన గతి యిదియే. ఒకసారి కోసిన తోక కనబడదు; పదిసార్లు కలుపగా బయటపడును.

ఇచట మాకొక వింత తోచినది. మన పెద్దలు లెక్కలు పదులతో గాక నాలుగులతో విభజించిరి. కాలనగా నాలుగవ వంతు. వీసమనగా కాలులో కాలు, పదునాఱవ వంతు. కాణి యనగా వీసములో కాలు, అఱువదినాలుగవ వంతు. కరణముల కవిలెలలో ఈ వంతులకు వేరు గుర్తులుండెడివి: కాలు, ముక్కాలు మొదలగువానికి నిలువుగీతలు, వీసములకు అడ్డగీతలు, ఏమియు లేనిచోట హళ్ళి. ఈ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లో చేరి, నేడు కంప్యూటరులో వ్రాయుటకు వీలైనవి. నాలుగనగా రెండు రెండ్లు గనుక కాలు, వీసము, కాణి యంత్రములో కొంచెమైనను చెడక నిలుచును. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు. పదునైదణాలనగా రూపాయిలో పదునాఱింట పదునైదు వంతులు, 0.9375, యంత్రమునకు ఇది పూర్తిగా నచ్చిన సంఖ్య. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. పది పైసలు, ఇరువది పైసలు మనుష్యులకు సులువైనవి, యంత్రమునకు చేదైనవి. అయినను పాత లెక్కయే ఉత్తమమని మేమనుట లేదు. అణాకు 12 దమ్మిడీలుండుటచే దానిని మూడింట పంచుకొనవచ్చును. ఆ దమ్మిడీ రూపాయిలో 192వ వంతు, దానిలో మూడున్నది గనుక అదియు యంత్రములో నిలువదు. ఏ కొలమానమైనను కొన్ని వంతులకే అనుకూలించును. అన్ని వంతులకును అనుకూలించునది సామాన్య భిన్నము ఒక్కటియే.

ఇక దశాంశమును మరల నిజమైన భిన్నముగా మార్చుట యెట్లు? విద్యార్థులారా, మీకు తెలిసిన మార్గములు రెండు. ముగియు దశాంశమైనచో బిందువు తరువాత ఎన్ని యంకెలున్నవో అన్ని సున్నలు హారములో నుంచి, గ.సా.భా.చే భాగింపవలెను. 2.375 అనగా వేయింట 2375. యూక్లిడ్ పద్ధతిచే 2375ను 1000చే భాగించిన శేషము 375. 1000ని 375చే భాగించిన శేషము 250. 375ను 250చే భాగించిన శేషము 125. 250ని 125చే భాగించిన శేషము లేదు. కావున గ.సా.భా. 125, భిన్నము ఎనిమిదింట 19. ఆవర్తన దశాంశమైనచో తోకను తోకచేతనే కొట్టివేయవలెను. 0.1666 అని అంతములేక సాగు సంఖ్యను నూరింతలు చేసిన 16.666, పదింతలు చేసిన 1.666. ఒకదానినుండి మరియొకటి తీసివేసిన, 90 రెట్లు 15కు సమానము. కావున ఆ సంఖ్య ఆఱవ వంతు. ఈ రెండు మార్గములును ప్రోగ్రాములో నాలుగైదు పంక్తులలో వ్రాయవచ్చును.

మూడవది యంత్రములోని సంఖ్యను భిన్నముగా మార్చుట. ఇచట మిక్కిలి జాగరూకత కావలెను. పైథాన్ భాషలో 2008 నుండి ఫ్రాక్షన్ అను సాధనము కలదు. 0.1 ను కొటేషన్ గుర్తుల నడుమ అక్షరములుగా దాని కిచ్చినచో పదవ వంతని సరిగా చెప్పును. గుర్తులు లేక సంఖ్యగా ఇచ్చినచో హారము 36028797018963968, లవము 3602879701896397 అని చెప్పును. చూచినవారు యంత్రము చెడిపోయినదనుకొందురు. చెడిపోలేదు. ఆ హారము రెండును 55 మార్లు హెచ్చవేసిన ఫలము. యంత్రము తనలో నిజముగా దాచుకొన్న విలువ అదియే. అది పదవ వంతుకంటె అణుమాత్రము పెద్దది. యంత్రము అబద్ధమాడలేదు. మనమే, పదవ వంతును దాని చేతికిచ్చునప్పుడు, అది చెడునట్లు ఇచ్చితిమి.

కావున ఇచట ప్రశ్నలు రెండు. యంత్రము దాచుకొన్న విలువ యేది? మనుష్యుడు తలచిన విలువ యేది? మొదటిదానికి యంత్రము తప్పులేక జవాబు చెప్పును. రెండవదానిని అది ఊహింపవలసినదే. ఊహించుటకును మంచి మార్గము కలదు. పూర్ణాంకమును తీసి, మిగిలినదానిని తలక్రిందులు చేసి, మరల పూర్ణాంకమును తీయుచు పోవుట. దీనికి వితత భిన్నమని పేరు. వృత్తపు చుట్టుకొలత వ్యాసమున కెన్ని రెట్లో తెలుపు 3.14159265 అను సంఖ్యను ఇట్లు విప్పినచో మొదట 3, తరువాత 7, తరువాత 15, తరువాత 1 వచ్చును. ఆయా యడుగులలో ఏడింట 22, 106వ వంతులు 333, 113వ వంతులు 355 దొరకును. పైథాన్ సాధనమునకును, హారము ఇంతకు మించరాదని చెప్పినచో, ఆ హద్దులో మిక్కిలి దగ్గరి భిన్నమును ఇచ్చు శక్తి కలదు. కాని 0.33 అని యొకడు వ్రాసియున్నాడు. అతడు తలచినది నూరింట 33 వంతులా, మూడింట ఒక వంతా? హారము పది మించరాదన్నచో యంత్రము మూడవ వంతని చెప్పును. తూకమున నూరింట 33 పాళ్లని నిజముగా వ్రాసియుండినచో ఆ జవాబు తప్పు. ముగ్గురన్నదమ్ముల పంపకమైనచో అదియే ఒప్పు. రెండింటిలో నేది యని యంత్రము తెలిసికొనజాలదు. పంచినవానికి మాత్రమే తెలియును.

మా వాదమంతయు ఈ చోట నిలిచియున్నది. భిన్నమును పోగొట్టుకొని తరువాత వెదకుట ఊహ. పోకుండ మొదటినుండి కాపాడుట విద్య. వానతొట్టి లెక్కకు మందు కష్టమైనది కాదు. ప్రతిసారియు 0.2 కలుపక, తొట్టి ఎన్నిసార్లు ఒరిగినదో ఆ యెంచిక మాత్రము ఉంచుకొనవలెను. పది మార్లు, పది పూర్ణాంకము, చెడదు. మిల్లీమీటర్లు కావలసినప్పుడు తుదిని అయిదుచే భాగించిన సరిగా 2. రూకల లెక్కలో రూపాయలను దశాంశములుగా నుంచక పైసలను పూర్ణాంకములుగా నుంచవలెను. మూడింట పంచవలసి వచ్చినచో లవహారములను రెండు పూర్ణాంకములుగా దాచవలెను. అప్పుడు మూడు వంతులు కలిపిన మొత్తము మరల అయిదే యగును, సెంటైనను పోదు.

ఇది పల్లెటూరి పంతుళ్ల చాదస్తమని యెవరైన తలచినచో వారికి లోకములో జరిగిన రెండు సంగతులు చెప్పెదము. 1982లో కెనడాలోని వాంకూవరు షేరు బజారువారు క్రొత్త సూచీ నొకదానిని 1000తో నారంభించిరి. ప్రతి లావాదేవీకి దానిని తిరుగ గుణించి, మూడు దశాంశ స్థానముల తరువాతి యంకెలను సవరింపక కోసివేయుచు వచ్చిరి. 1983 నవంబరునాటికి అది 524 దగ్గరకు దిగినది. సరిచేసి చూడగా ఉండవలసినది 1098కి పైగా. కోత యొక్కొక్కటి వేయవ వంతుకంటె చిన్నది; కోతలన్నియు కలిసి సగమును మ్రింగినవి.

రెండవది ప్రాణములకు వచ్చినది. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫు యుద్ధములో, సౌదీ అరేబియాలోని ధహ్రానులో పేట్రియాట్ అను క్షిపణి రక్షణ యంత్రము వచ్చుచున్న స్కడ్ క్షిపణిని అడ్డుకొనలేకపోయినది. ఆ యంత్రపు గడియారము సెకనులో పదవ వంతులను లెక్కించెడిది. ఆ పదవ వంతును 24 ద్విసంఖ్యా స్థానములలో ఇమిడ్చి తోక కోసియుండిరి. నూరు గంటలు ఆపక నడచుసరికి ఆ కొఱత సుమారు మూడవ వంతు సెకనైనది. అంతలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా దాటిపోవును. సైనికుల వసతిపై పడి 28 మంది మరణించిరి. వానతొట్టి పదిసార్లు ఒరిగినప్పుడు మా విద్యార్థి చూచిన తప్పును ఈ తప్పును ఒక్క జాతివే.

న్యాయముగా ఎదుటి పక్షమును చెప్పవలెను. ఫ్లోటింగ్ పాయింట్ పనికిరానిదని మేమనుట లేదు. గాలివేగమును, ఉష్ణమును, నక్షత్రముల దూరమును కొలుచువారికి అదియే తగినది. ఏలయన ఆ కొలతలలోనే సందేహము ఇంకను పెద్దది, పదునాఱవ యంకె దగ్గర వచ్చు తేడా దానియెదుట లెక్కింపదగినది కాదు. భిన్నములతో పొడవైన లెక్క చేసినచో లవహారములు మఱ్ఱియూడలవలె పెరిగి యంత్రమును మందగింపజేయును, ఇదియు నిజమే. కాని కొలిచినది వేరు, ఎంచినది వేరు, పంచినది వేరు. కొలిచినదానికి దశాంశము చాలును. ఎంచినదానికి పూర్ణాంకము కావలెను. పంచినదానికి భిన్నము కావలెను. ఏది దేనికి తగునో తెలిసికొనుటయే వివేకము. ఆ వివేకమును యంత్రము మనకు నేర్పదు, మనమే పిల్లలకు నేర్పవలెను.

ఈ విద్య మనకు క్రొత్తదియు గాదు. సుమారు 850వ సంవత్సరమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమందు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించి, భిన్నములకు కళాసవర్ణమను పేర ప్రత్యేక ప్రకరణము నేర్పరచెను. దానిని పావులూరి మల్లన తెలుగు చేసెను. లెక్కను పద్యములలో కంఠస్థము చేసిన భాష మనది. అట్టి భాష మాటలాడు పిల్లలు ఆఱవ వంతును చూచి బెదరుట మాకు చిన్నతనముగా నున్నది.

తలిదండ్రులారా, మీ బిడ్డ భిన్నపు లెక్క చేయుచు గంటసేపు కూర్చుండినచో, "ఫోనులో కొట్టి చూడరాదా" యని తొందరపెట్టకుడు. పొలము పంచుకొను దినమున ఆ గంట విలువ మీకు తెలియును. తోటి యుపాధ్యాయులారా, మూడవ వంతుకు 0.33 అని వ్రాసినవానికి ఇకమీదట సరియను గుర్తు పెట్టకుందము. 'సుమారు' అను మాటయైనను వ్రాయించుదము. కంప్యూటరు గదిలో మొదటి నెలలోనే పదవ వంతును పదిమార్లు కలిపించి, ఒకటి యైనదా యని యంత్రమును అడిగించుదము. కాలేదని అది చెప్పినప్పుడు పిల్లలు ఆశ్చర్యపడుదురు. ఆ యాశ్చర్యమునందే పాఠము మొదలిడుదము.

విద్యార్థులారా, యంత్రము చెప్పినది మీ చేతిలెక్కకు విరుద్ధమైనప్పుడు మీరే తప్పని వెంటనే తలవంచకుడు. యంత్రమే తప్పని అహంకరింపకుడు. ఎచట తోక తెగినదో వెదకుడు. సరియైన త్రాసు, సరియైన తూనికరాయి ఉండవలెనని మనము గుడిలో వినుచున్నాము. సరియైన భిన్నమును ఆ తూనికరాళ్లలో నొకటియే.

రెండు సెంట్లు ఎవరివని యడిగిన బిడ్డకు మరునాడు తరగతి యెదుట జవాబు చెప్పితిమి. ఆ రెండు సెంట్లు ముగ్గురివి. ఒక్కొక్కనికి సెంటులో మూడింట రెండు వంతులు. పోగొట్టినది మేము. తరగతి పుస్తకములన్నియు తెప్పించుకొని, సరియని పెట్టిన గుర్తులను కొట్టివేసి, దిద్ది తిరిగి యిచ్చితిమి.